రామకోటి పుస్తకం: కలం ఆగిన రచయితకు ఎంతవరకు పనికొస్తుంది?

రామాలయాల ముందు, పూజాసామగ్రి దుకాణాల్లో, పంచాంగాలూ వ్రతకథలూ అమ్మే చోట రామకోటి పుస్తకం దొరకని ఊరు తెలుగునాట అరుదు. దాన్ని కొనేవారిలో ఎక్కువమంది మొక్కు తీర్చుకోవడానికో, పుణ్యం కోసమో, ఉద్యోగ విరమణ తరువాతి పొద్దును సద్వినియోగం చేసుకోవడానికో కొంటారు. ఈ సమీక్షలో నేను ఆ పుస్తకాన్ని వేరొక ప్రయోజనం దృష్టితో పరిశీలిస్తున్నాను. కథలు, వ్యాసాలు, పద్యాలు రాసేవారికి ఒక్కోసారి నెలల తరబడి కలం కదలని స్థితి వస్తుంది. చెప్పవలసిన విషయం ఉంటుంది, తీరిక ఉంటుంది, కాగితం ముందు కూర్చున్నాక మాత్రం మొదటి వాక్యమే నచ్చక కొట్టేసి లేచిపోతాం. అటువంటి స్థితిలో ఉన్న రచయితకు ఈ పుస్తకం ఒక సాధనంగా పనికొస్తుందా అన్నదే ఇక్కడి ప్రశ్న. నా అభిప్రాయం ముందే చెబుతాను. పనికొస్తుంది, అయితే ఒక షరతు మీద మాత్రమే. ఆ షరతు పాటించకపోతే ఇదే పుస్తకం రాయకుండా తప్పించుకోవడానికి మిక్కిలి గౌరవప్రదమైన సాకు అవుతుంది.

ముందు వస్తువు సంగతి చూద్దాం. అట్ట మీద సాధారణంగా శ్రీరామ పట్టాభిషేకం బొమ్మ ఉంటుంది. తెరవగానే పేరు, గోత్రం, ప్రారంభించిన తేదీ రాసుకోవడానికి చోటు, ఆ తరువాత పాటించవలసిన నియమాలు, ఇక చివరిదాకా గళ్ల పేజీలే. ఒక్కో గడిలో ‘శ్రీరామ’ అని ఒక్కసారి రాయాలి. పేజీకి ఎన్ని గళ్లు, గడి ఎంత పెద్దది అన్నది అచ్చువేసిన వారిని బట్టి మారుతుంది. కొనేవారు పెద్దగా పట్టించుకోని ఈ గడి ఎత్తే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే ‘శ్రీ’ నిలువుగా చోటు అడిగే అక్షరం. పైన గుడిదీర్ఘం లేస్తుంది, కింద నుంచి క్రావడి చుట్టుకుని వస్తుంది. గడి పొట్టిగా ఉంటే పై వరుసలోని క్రావడి కింది వరుసలోని గుడిదీర్ఘానికి తగిలి, నాలుగు వరుసలు పూర్తయ్యేసరికి పేజీ అంతా చిక్కుపడిన దారంలా కనిపిస్తుంది. ఎక్కువ నామాలు పట్టించాలనే ఉద్దేశంతో గళ్లను మరీ చిన్నవి చేసిన ప్రచురణలు అక్షరం మీద గౌరవం ఉన్నవారికి చిరాకు పుట్టిస్తాయి. గడి అడ్డంగా ఇరుకైనా ఫరవాలేదు గాని నిలువుగా మాత్రం ఇరుకు కాకూడదు.

కాగితం విషయంలో ఎవరినీ ప్రత్యేకంగా మెచ్చుకోలేను. నేను చూసినవన్నీ పలచని కాగితం మీద అచ్చువేసినవే. బాల్‌పెన్నుతో రాస్తే వెనక పేజీలో చేతికి తగిలేంత గాట్లు పడతాయి. జెల్ పెన్ను రాత కొంత అవతలికి కనిపించినా చదవడానికి ఇబ్బంది ఉండదు. పాళీ కలంతో రాస్తే మాత్రం సిరా కాగితపు పీచుల వెంట పాకి అక్షరం వాచిపోతుంది. రాజమహేంద్రవరంలో కోసూరి వెంకటరత్నం గారు స్వదేశీ ఉద్యమ కాలంలో తయారుచేసిన ఎబొనైట్ (గట్టిపరచిన రబ్బరు) కలాన్ని గాంధీజీ వాడి చూసి, విదేశీ కలాలకు మంచి ప్రత్యామ్నాయమని 1935లో ఉత్తరం రాశారు. ఆ ఊరి రత్నం పెన్నులతో రాయడం ఇష్టమైన నాలాంటివారు వాటిని రామకోటికి వాడే ఆలోచన మానుకోవలసిందే, లేదా మంచి కాగితం కొని సొంతంగా గళ్లు గీసుకోవలసిందే. అలా గీసుకోవడానికి శాస్త్రం అడ్డు చెప్పదు. ఆకుపచ్చ సిరా శ్రేష్ఠమని చాలా పుస్తకాల నియమావళిలో ఉంటుంది. గెజిటెడ్ సంతకాల కోసం జీవితమంతా తిరిగిన ఉద్యోగులకు ఆ రంగు చూస్తే భక్తి కంటే ముందు భయం కలగవచ్చు గాని, రోజూ లెక్కలకూ ఉత్తరాలకూ వాడని రంగు కావడం వల్ల ఈ రాత వేరు, ఆ రాత వేరు అన్న సంగతి కంటికి తెలుస్తూ ఉంటుంది. ధర గురించి చెప్పుకోదగింది లేదు. ఇద్దరి టిఫిన్ ఖర్చుతో చేతికి వస్తుంది.

ఇక నియమాలు. కొత్త పుస్తకానికీ కలానికీ పసుపు రాసి దేవుడి దగ్గర పెట్టి మొదలుపెట్టాలి, స్నానం చేసి కూర్చోవాలి, రాస్తున్నంతసేపు మాట్లాడకూడదు, మనసు నామం మీదే ఉండాలి, మధ్యలో లేవవలసి వస్తే మొదలుపెట్టిన నామం పూర్తిచేసి లేవాలి, మైల ఉన్న రోజుల్లో రాయకూడదు. ఇళ్లలో పెద్దలు చెప్పేవి ఇంతకంటే ఎక్కువే ఉంటాయి. వీటిని మడి ఆచారాలుగా మాత్రమే చూసేవారు చాలామంది. రచయితగా చూసినప్పుడు వీటిలో చాలా వరకు పనితనానికి సంబంధించినవేనని నాకు అనిపించింది. స్నానం తరువాతనే కూర్చోవాలన్న నియమం రోజులో రాతకు ఒక కచ్చితమైన వేళను ఏర్పరుస్తుంది. మాట్లాడకూడదన్న నియమాన్ని ఈ కాలానికి అన్వయిస్తే ఫోను వేరే గదిలో ఉండాలి. మొదలుపెట్టిన నామం మధ్యలో వదలకూడదన్న నియమం, వాక్యాన్ని సగంలో కొట్టేసే అలవాటు ఉన్నవారికి మంచి మందు.

అన్నిటికంటే మేలైనది మైల నియమం. ఇది వింతగా అనిపించవచ్చు గాని, రోజువారీ సాధన చేసేవారిని నిజంగా దెబ్బతీసేది ఒక రోజు తప్పిపోవడం కాదు. తప్పిపోయిందన్న దిగులుతో మరునాడు కూడా కూర్చోకపోవడమే అసలు దెబ్బ. ఈనాటి అలవాట్ల యాప్‌లు వరుసగా ఎన్ని రోజులు చేశామో లెక్కపెట్టి చూపిస్తాయి. ఒక్క రోజు తప్పగానే ఆ లెక్క సున్నాకు పడిపోయి, దానితో పాటు ఉత్సాహమూ పడిపోతుంది. రామకోటి సంప్రదాయంలో విరామం ముందే ఊహించి ఉంది, దానికి ఒక హద్దూ ఉంది. మైల తీరిపోగానే స్నానం చేసి, ఆపిన గడి తరువాతి గడి నుంచి మళ్లీ మొదలుపెడతారు. అప్పటిదాకా రాసిన లెక్క ఎక్కడికీ పోదు. ఎవరూ దాన్ని ఓటమి అనుకోరు. రాత ఆగిపోయిన మనిషికి ఇంతకంటే దయగల ఏర్పాటు మరొకటి నాకు కనిపించలేదు.

కోటి అన్న సంఖ్య గురించి కూడా ఒక మాట చెప్పాలి. రోజుకు వెయ్యి నామాల చొప్పున రాస్తే కోటి పూర్తికావడానికి 10,000 రోజులు, అంటే 27 ఏళ్లకు పైగా పడుతుంది. రోజుకు 108 మాత్రమే రాస్తే 250 ఏళ్లు దాటుతుంది. కాబట్టి ఉద్యోగం, సంసారం ఉన్న మనిషి దృష్టిలో ఆ లక్ష్యం దాదాపు లేనట్టే. మిగిలేది ఈ రోజు వంతు ఒక్కటే. చేయి తిరిగినవారికి 108 నామాలకు పది నిమిషాలు సరిపోతాయి, వెయ్యి రాయాలంటే గంటకు పైగానే కావాలి. కలం కదలడమే ప్రయోజనం అనుకునేవారికి 108 చాలునని నా సలహా. వెయ్యి రాసే ఓపిక ఉన్నవారు ఆ గంటలో ఎక్కువ భాగాన్ని తమ సొంత రచనకు కేటాయించడం మంచిది.

ఇది ఎలా పనిచేస్తుందో వివరించడానికి పెద్ద సిద్ధాంతం అవసరం లేదు. రాయలేని స్థితిలో ఉన్నవారిని కదలనివ్వనివి రెండు. ఒకటి ఏమి రాయాలన్న నిర్ణయం, రెండోది రాసింది బాగుందా లేదా అన్న తీర్పు. రామకోటి పుస్తకంలో ఆ రెండింటికీ చోటు లేదు. ఏమి రాయాలో అట్ట మీదే ఉంది, రాసినదాన్ని విమర్శించేవాడు లేడు. సంగీతం నేర్చినవారికి ఇది తెలిసిన సంగతే. కచేరీలు చేసే విద్వాంసులు కూడా సరళీవరుసలనూ అలంకారాలనూ పూర్తిగా విడిచిపెట్టరు, వాటిని పాడేటప్పుడు కొత్తదనం కోసం వెతకరు. రచయితలకు మాత్రం అటువంటి రోజువారీ పాఠం మన దగ్గర ఎవరూ కూర్చిపెట్టలేదు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ కృతి పుట్టాలనుకుంటాం. ఈ గళ్ల పుస్తకం ఆ లోటు తీరుస్తుంది.

ఒక పేజీ రాసే తీరును దగ్గరగా చూస్తే ఈ సంగతి తెలుస్తుంది. మొదటి వరుసలో అక్షరాలు బిగుసుకుని ఉంటాయి. రెండు మూడు వరుసలు గడిచాక చేయి కుదురుకుంటుంది, గుండ్రాలు గుండ్రంగా వస్తాయి. ఇంకొంత ముందుకు వెళ్లేసరికి మనసు కూరగాయల బేరానికో, రావలసిన పారితోషికానికో పోతుంది. ఆ సంగతి మనకంటే ముందు అక్షరమే చెబుతుంది, ఎందుకంటే తొందరలో ‘మ’ కాస్తా ‘య’లా కనబడడం మొదలవుతుంది. అది చూసి మళ్లీ మనసును అక్షరం మీదికి తెచ్చుకోవాలి. ధ్యానంలో శ్వాస మీదికి మనసును మళ్లించడమంటే ఏమిటో, ఇక్కడ ‘మ’ను సరిగా రాయడమంటే అదే. కాకపోతే ఇక్కడ చెదిరిన చోటు కాగితం మీద గుర్తుగా మిగులుతుంది, ముందు రోజు పేజీ తిప్పితే మనసు ఎన్నిసార్లు ఎక్కడ జారిందో చదువుకోవచ్చు.

ఇప్పుడు షరతు సంగతి. రామకోటి పుస్తకం మూసిన వెంటనే, అదే చోట, లేవకుండా రెండో నోటుబుక్కు తెరవాలి. మధ్యలో కాఫీ, వార్తాపత్రిక, ఫోను ఏదీ రాకూడదు. నేను ఒక కథలో తండ్రీకొడుకులు బస్టాండులో విడిపోయే ఘట్టం దగ్గర చాలాకాలం ఆగిపోయి ఉన్నాను. నామం ముగించి రెండో పుస్తకం తెరిచినప్పుడు ఆ ఘట్టం వచ్చి వాలలేదు. తండ్రి చేతిసంచిలో ఏమేమి ఉన్నాయో రాశాను: తువ్వాలు, మందుల చీటీ, కోడలు కట్టిచ్చిన పులిహోర, కళ్లజోడు లేని కళ్లజోడు పెట్టె. ఆ ఖాళీ పెట్టె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు గాని, తరువాతి రోజుల్లో కథ దాని వెంటే నడిచింది. ఇందులో మహిమ ఉన్నదని నేను చెప్పను. గొప్ప వాక్యం రావాలన్న పట్టుదల అప్పటికి సడలి ఉంది, చేయి అప్పటికే నడకలో ఉంది, అందువల్ల చిన్న విషయం రాయడానికి నామోషీ అనిపించలేదు. ఈ రెండో పుస్తకం లేకుండా రామకోటి ఒక్కటే రాసేవారిని కూడా ఎరుగుదును. పేజీలు నిండుతాయి, రాశామన్న తృప్తి కలుగుతుంది, కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. భక్తి కోసం రాసేవారికి అది లోపం కానే కాదు. రచన కోసం కొన్నవారికి మాత్రం నిశ్చయంగా లోపమే.

రోజూ రాయడం, దేవుడి కోసం రాయడం అనే రెండు పనులు ఒకటిగా సాగిన ఉదాహరణ మన సాహిత్యంలోనే ఉంది. తాళ్లపాక అన్నమాచార్యులు 1424లో, పదహారో ఏట సంకీర్తనలు చెప్పడం ప్రారంభించి 1503లో పరమపదించేవరకూ కొనసాగించారని ఆ సంకీర్తనలు చెక్కిన రాగిరేకుల వల్ల తెలుస్తున్నది, రోజుకు ఒక్కటికి తగ్గకుండా చెప్పారని సంప్రదాయం. ఆయన మనుమడు చిన్నన్న ఇచ్చిన లెక్క 32 వేలు. 79 ఏళ్లంటే సుమారు 28,800 రోజులు, కనుక రోజుకొకటి అన్న మాటకూ ఆ లెక్కకూ పొంతన కుదురుతున్నది. మనకు దక్కినవి అందులో సగం కంటే తక్కువే అయినా, వాటిని వరుసగా చదివినవారికి ఒక విషయం తెలుస్తుంది. అన్నీ ఒకే ఎత్తున లేవు. ఒకే భావం పలుమార్లు తిరిగివస్తుంది, కొన్ని పల్లవులు వెనకటివాటికి దగ్గరి చుట్టాలు. ఈ రోజు ఇంటింటా పాడుకునేవి ఆ సాధారణమైన రోజుల మధ్య పుట్టినవే. ఏ రోజు పాట నిలుస్తుందో తెలియకుండానే ఆ రోజు వంతు స్వామికి అప్పగించడం ఆయన పద్ధతి. ఆధ్యాత్మికత రచయితకు చేసే మేలు కూడా ఇక్కడే ఉందని నా నమ్మకం. రాసింది తనది కాదు, సమర్పించవలసినది అనుకున్నప్పుడు దాని మంచిచెడ్డల భారం చేతి మీద అంతగా పడదు.

బమ్మెర పోతన కథను ఈ సందర్భంలో అందరూ చెబుతారు. భాగవతంలోని గజేంద్ర మోక్షంలో ‘అల వైకుంఠపురంబులో’ అని ఎత్తుకుని, ఆ పైన సాగక పోతన బయటికి వెళితే, రాముడే ఆయన రూపంలో వచ్చి పద్యం పూర్తిచేసి వెళ్లాడన్నది ఐతిహ్యం. దీన్ని విని, దైవకృప ఉంటే రాత దానంతట అదే వస్తుందని అనుకోవడం పరిపాటి. కథను మళ్లీ చూడండి. అప్పటికి పోతన ఎనిమిదో స్కంధంలో ఉన్నాడు, వెనక ఏడు స్కంధాల రాత ఉంది, ఎత్తుకున్న పద్యం సగం కాగానే ఆగింది. రాముడు వచ్చింది తెరిచి ఉన్న గ్రంథం దగ్గరికి. ఖాళీ గంటం పట్టుకుని కూర్చున్నవాడి ఇంటికి వచ్చినట్టు ఆ కథ ఎక్కడా చెప్పదు.

ఇదే అవసరానికి జనం ఆశ్రయించే మరికొన్నింటితో పోల్చి చూడవచ్చు. ఫోనులో రామకోటి రాసే యాప్‌లు వచ్చాయి, తెర మీద తాకితే లెక్క పెరుగుతుంది. జపసంఖ్యకు అవి సరిపోతాయేమో గాని, అక్షరం కట్టే శ్రమ లేదు కనుక నేను చెబుతున్న ప్రయోజనానికి పనికిరావు, పైగా ఫోను చేతిలోనే ఉంటుంది. విపశ్యన ధ్యాన శిబిరాలు మరొక మార్గం. హైదరాబాదు నుంచి నాగార్జునసాగర్ వెళ్లే దారిలో ధమ్మఖేత్త వంటి కేంద్రాల్లో పది రోజుల శిబిరానికి రుసుం ఉండదు, తెల్లవారుజామున నాలుగింటికి గంట మోగుతుంది, మౌనం పాటించాలి. అయితే శిబిరం సాగినన్నాళ్లు చదవడం, రాయడం పూర్తిగా నిషిద్ధం. అలసిపోయిన మనసుకు అది గొప్ప విశ్రాంతి కావచ్చు. అయితే కలం పట్టుకోవడానికే భయపడుతున్న మనిషికి కలం లేని పది రోజులు కాక, కలంతో గడిపే పది నిమిషాలు ముందుగా అవసరమని నా అభిప్రాయం. గోవిందకోటి పుస్తకాలు నిర్మాణంలో రామకోటివంటివే. గోవిందకోటి రాసిన 25 ఏళ్లలోపు యువతకు కుటుంబంతో సహా బ్రేక్ దర్శనం కల్పిస్తామని, 10,01,116 సార్లు రాసినవారికి ఒక్కరికి దర్శనం ఇస్తామని తిరుమల తిరుపతి దేవస్థానం 2023లో ప్రకటించింది. పిల్లల్లో భక్తి పెంచడానికి అది మంచి ఆలోచనే. రచనా సాధన కోసం రాసేవారు మాత్రం బహుమానం ఉన్న లెక్క జోలికి పోకూడదు, సంఖ్య కోసం పరుగు మొదలైతే ‘మ’ ఎలా ఉందో చూసే తీరిక ఎవరికీ ఉండదు.

ఎవరికి సిఫారసు చేస్తానంటే, రాయడం వచ్చి కూడా రాయలేకపోతున్నవారికి, ముఖ్యంగా కీబోర్డుకు అలవాటుపడి చేతిరాత మరిచిపోయినవారికి చేస్తాను. చిత్రకారులకు దీని ఉపయోగం తక్కువ, వారికి రోజూ గీతలు గీసే స్కెచ్‌బుక్కే మేలు. మణికట్టు నొప్పి ఉన్నవారు 108 కూడా ఒకేసారి రాయవద్దు. రామనామం మీద నమ్మకం లేనివారు ఈ పుస్తకం కొనడం అనవసరం. తమకు పూజ్యమైన మరే నామాన్నయినా, వాక్యాన్నయినా మామూలు గళ్ల నోటుబుక్కులో రాసుకుంటే సాధన భాగం అంతా దక్కుతుంది. అయితే పూజ్యమైనది ఏదో ఒకటి ఉండాలి. ఊరికే అర్థంలేని పదాన్ని పేజీలకు పేజీలు నింపడం బడిలో దండన రాసినట్టే ఉంటుంది, నాలుగు రోజులకే విసుగొచ్చి మానేస్తారు.

నిండిన పుస్తకాలను ఏమి చేయాలన్న సందేహం చాలామందికి ఉంటుంది. భద్రాచలంలో సమర్పించే ఆచారం ఉంది, ఊళ్లలో రామకోటి స్తూపాలు ఉన్నచోట అక్కడ ఇచ్చేవారూ ఉన్నారు, కొందరు పూజగదిలోనే దాచుకుంటారు. కొనేటప్పుడు మాత్రం అట్ట బొమ్మ చూసి తీసుకోకుండా లోపలి పేజీ తెరిచి గడి ఎత్తు చూడండి, మీరు రాసే కలంతో చివరి పేజీ మూల ఒక నామం రాసి వెనక్కి తిప్పండి, పిన్నులు కొట్టినది కాక దారంతో కుట్టినది అడగండి. పూజాసామగ్రి దుకాణంలో పని అయ్యాక పక్కనే ఉన్న పుస్తకాల కొట్టులో గీతల నోటుబుక్కు కూడా ఒకటి తీసుకుని, రెండింటినీ ఒకే సంచిలో ఇంటికి తెచ్చుకోండి.